దుకాణంలోకి రేడియో: కాపలా గేటు నుంచి ట్యాప్ చెల్లింపు దాకా

చిల్లర వర్తకంలోకి స్వల్పదూర రేడియో దొంగల మీద నిఘా కోసం వచ్చింది. 1960ల మధ్యలో అమెరికాలో షాపు గుమ్మానికి రెండు పక్కలా నిలబెట్టిన స్తంభాలతో మొదలై, ఇవాళ ఫోనును స్వైపింగ్ మిషన్‌కు ఆనించి డబ్బు కట్టేదాకా చేరింది. మధ్యలో స్టాకు లెక్కపెట్టే ట్యాగులు, బస్సు కార్డులు, షాపులోకి వచ్చిన మనిషిని పసిగట్టి ఫోనుకు కబురు పంపే బ్లూటూత్ పెట్టెలు ఉన్నాయి. వీటన్నిటిలో తరంగం చేరే దూరాన్ని కావాలనే తక్కువగా ఉంచారు. అది నాలుగు సెంటీమీటర్లు కావచ్చు, పది మీటర్లు కావచ్చు. కొన్ని దుకాణంలో స్థిరపడ్డాయి. కొన్ని ఎంత ఆర్భాటంగా వచ్చాయో అంత త్వరగా పోయాయి. పోయినవాటిలో చాలావరకు సాంకేతికంగా లోపమేమీ లేదు. పరికరం ఎవరి పని తగ్గించింది, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడింది అన్న రెండు ప్రశ్నలే ఎక్కువసార్లు దాని తలరాతను తేల్చాయి.

దీనికి పునాది అయిన ఆలోచనకు దుకాణంతో సంబంధం లేదు. 1945లో సోవియట్ పిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారికి, చెక్కలో మలిచిన అమెరికా రాజముద్రను బహూకరించారు. అది ఏళ్ల తరబడి రాయబారి నివాసంలో గోడకు వేలాడింది. దాని లోపల లియోన్ థెరెమిన్ తయారుచేసిన రహస్య వినికిడి పరికరం ఉంది. అందులో బ్యాటరీ లేదు, కరెంటు తీగ లేదు. బయటి నుంచి రేడియో తరంగం పంపినప్పుడు ఆ శక్తితోనే మేల్కొని, గదిలోని మాటలకు తగ్గట్టు తరంగాన్ని మార్చి వెనక్కి పంపేది. 1952లో గానీ అది బయటపడలేదు. ఈలోగా 1948లో హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజనీరు, పరావర్తనమయ్యే రేడియో శక్తితో సందేశాలు పంపే పద్ధతి మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. సొంత శక్తి లేని వస్తువు, ఎదుటి యంత్రం ఇచ్చిన శక్తితోనే జవాబు చెప్పడం ఇందులోని కీలకం. చొక్కాకు వేలాడే ట్యాగు దగ్గర్నుంచి బ్యాంకు కార్డు దాకా ఇప్పటికీ నడుస్తున్నది ఈ సూత్రం మీదే.

దుకాణానికి రేడియో అవసరం పడడానికి కారణం అమ్మకం పద్ధతి మారడం. పాత రోజుల్లో సరుకంతా కౌంటరు వెనక ఉండేది, అడిగితే కొట్టువాడు తీసి ఇచ్చేవాడు. 1916లో మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ తెరిచిన పిగ్లీ విగ్లీ దుకాణం సరుకును కొనేవాళ్ల చేతికి అందేలా అరల్లో పెట్టింది. ఆ పద్ధతి అమెరికా అంతటా పాకడంతో పనివాళ్ల సంఖ్య తగ్గింది, అమ్మకాలు పెరిగాయి, చేతివాటమూ పెరిగింది. ఓహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో ఒక సూపర్ మార్కెట్ మేనేజరుగా ఉన్న రోనాల్డ్ అసాఫ్, వైను సీసాలతో పారిపోతున్న దొంగ వెంట పరుగెత్తి పట్టుకోలేకపోయాడు. ఆ అనుభవం నుంచి పుట్టిన కంపెనీయే సెన్సర్‌మాటిక్. అదే కాలంలో ఆర్థర్ మినాసీ నోగో అనే కంపెనీ పెట్టి, బట్టలకు గుచ్చే ట్యాగులను అమ్మాడు. 1969లో మొదలైన చెక్‌పాయింట్ తొలుత లైబ్రరీ పుస్తకాల కాపలాతో రంగంలోకి దిగింది.

ఆ ట్యాగుల పనితనం ఎంత సరళమో అంత తెలివైనది. సబ్బు పెట్టె మీదో షాంపూ సీసా మీదో అంటించే చదరపు కాగితం స్టిక్కరును చింపి చూస్తే లోపల సన్నని అల్యూమినియం రేకు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్ట, దానితో కలిసిన చిన్న కెపాసిటర్ రెండూ కలిసి 8.2 మెగాహెర్ట్జ్ దగ్గర స్పందించేలా తయారుచేస్తారు. గుమ్మం దగ్గరి స్తంభాలు ఆ పౌనఃపున్యం చుట్టుపక్కల తరంగాలను అటూ ఇటూ జరుపుతూ పంపుతుంటాయి. ట్యాగు మధ్యలోంచి వెళితే ఆ శక్తిలో కొంత అది పీల్చుకుంటుంది, ఆ లోటును గేటు పసిగట్టి మోగుతుంది. బిల్లు కట్టాక క్యాషియరు స్టిక్కరును ఒక పలక మీద రుద్దినప్పుడు బలమైన క్షేత్రం వల్ల కెపాసిటర్ కాలిపోయి ట్యాగు చచ్చిపోతుంది. బట్టలకు బిగించే గట్టి ప్లాస్టిక్ ట్యాగుల్లో చాలావాటిది వేరే పద్ధతి. లోపల రెండు పల్చటి లోహపు రేకులు ఉంటాయి. గేటు 58 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న చిన్న విడతలుగా సంకేతం పంపుతుంది. విడతకూ విడతకూ మధ్య గేటు మౌనంగా ఉన్నప్పుడు కూడా రేకు కాసేపు కంపిస్తూనే ఉంటుంది. గేటు వినేది ఆ కంపనాన్నే. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పెద్ద బట్టల షాపుల్లో కౌంటరు దగ్గర అమ్మాయి అయస్కాంతపు గిన్నెలో ట్యాగును తిరగేసి ఊడదీసే పని ఈ పరికరాలతోనే వచ్చింది.

ఈ కాపలా ట్యాగులు నిలబడ్డాయి. కొనేవాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. ఖర్చు షాపుది, లాభమూ షాపుదే. అయితే ట్యాగు చెప్పగలిగింది ఒకే మాట, తాను ఉన్నానని. ఏ వస్తువు, ఏ ధర, ఎప్పుడు తయారైంది అన్నది దానికి తెలియదు.

వస్తువేదో చెప్పే పని ముందుగా చేసింది రేడియో కాదు, గీతలు. 1974 జూన్ 26న ఓహాయోలోని ట్రాయ్ అనే చిన్న ఊళ్లో, మార్ష్ సూపర్ మార్కెట్ కౌంటరు మీద ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను స్కాన్ చేశారు. బార్‌కోడ్‌తో జరిగిన మొదటి అమ్మకం అదే. బార్‌కోడుకు రెండు పరిమితులు ఉన్నాయి. గీతలు స్కానరు కంటికి కనిపించాలి, అంటే ఒక్కో వస్తువునూ చేత్తో తిప్పి చూపించాలి. రెండోది, అది వస్తువు రకాన్నే చెబుతుంది. ఒకే రకం సబ్బులు వంద ఉంటే వందకీ ఒకటే నంబరు.

ప్రతి వస్తువుకూ తనదైన నంబరు ఇచ్చి, దాన్ని రేడియోతో చదవడం సాధ్యమేనని అప్పటికే తెలుసు. 1973లో మారియో కార్డులో జ్ఞాపకశక్తి ఉన్న రేడియో ట్యాగుకు అమెరికా పేటెంటు పొందాడు. అదే ఏడాది చార్లెస్ వాల్టన్ కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపు తాళానికి పేటెంటు సంపాదించాడు. 1970ల్లో లాస్ అలమోస్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు పశువులను, వాహనాలను గుర్తించే ట్యాగుల మీద పనిచేశారు. ఆర్‌ఎఫ్‌ఐడీ అని ఇప్పుడు అందరూ పిలిచే సాంకేతికత అలా తలుపు తాళాల్లో, టోల్ గేట్లలో, పశువుల చెవుల్లో ఇరవై ఏళ్లు గడిపింది. షాపు అరలోకి రాలేకపోవడానికి కారణం ధర. పది రూపాయల సరుకుకు వంద రూపాయల ట్యాగు ఎవరూ తగిలించరు.

ఆ ధరను కిందికి దించే ప్రయత్నం ఒక లిప్‌స్టిక్‌తో మొదలైంది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో పనిచేసే కెవిన్ ఆష్టన్, తన కంపెనీ లిప్‌స్టిక్‌లలో బాగా అమ్ముడుపోయే రంగు షాపు అరలో తరచూ ఖాళీగా కనిపించడం గమనించాడు. గోడౌనులో సరుకు ఉంది, అరలో లేదు, ఆ సంగతి ఎవరికీ తెలియదు. 1999లో ఎంఐటీలో ఆటో-ఐడీ సెంటర్ ఏర్పడినప్పుడు ఆష్టన్‌తోపాటు సంజయ్ శర్మ, డేవిడ్ బ్రాక్ తదితరులు చేరారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన శర్మ, ఆయన సహచరులు సమస్యను తలకిందులు చేసి చూశారు. ట్యాగులో సమాచారమంతా నింపాలనుకుంటే చిప్పు పెద్దదవుతుంది, ఖరీదవుతుంది. ట్యాగులో ఒక్క నంబరు మాత్రం ఉంచి, ఆ నంబరుకు సంబంధించిన వివరాలన్నీ నెట్‌వర్కులో పెడితే చిప్పు ఇసుక రేణువంత చేయవచ్చు. ట్యాగు ధరను అయిదు అమెరికన్ సెంట్లకు తేవడం వాళ్ల లక్ష్యం. కంపెనీల చందాలతో నడిచిన ఆ కేంద్రం పని 2003లో ప్రమాణాల సంస్థ ఈపీసీగ్లోబల్‌కు చేరింది. మరుసటి ఏడాది చివర్లో రెండో తరం ప్రమాణం ఆమోదం పొందింది. 860 నుంచి 960 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే ఈ ట్యాగులను కొన్ని మీటర్ల దూరం నుంచి, ఒక్క సెకనులో వందల సంఖ్యలో చదవవచ్చు. భారత్‌లో ఇందుకోసం 865–867 మెగాహెర్ట్జ్ పట్టీని 2005లో లైసెన్సు అక్కర్లేకుండా వదిలారు.

2003 జూన్‌లో వాల్‌మార్ట్ తన వంద పెద్ద సరఫరాదారులను 2005 జనవరికల్లా పెట్టెలకు, ప్యాలెట్లకు ఈ ట్యాగులు అంటించమంది. ప్రపంచంలో అతిపెద్ద చిల్లర వర్తక సంస్థ చెప్పిన మాట కాబట్టి ఇక బార్‌కోడుకు రోజులు చెల్లాయని చాలామంది రాశారు. అలా జరగలేదు. ఈ పౌనఃపున్యంలోని తరంగాలను నీరు మింగేస్తుంది, లోహం తిప్పికొడుతుంది. కూల్‌డ్రింకు సీసాలు, టిన్నులు పేర్చిన ప్యాలెట్ మధ్యలో ఉన్న ట్యాగు రీడరుకు దొరకడం కష్టమైంది. అంతకన్నా ముఖ్యమైనది లెక్క. ట్యాగుల ఖర్చు సరఫరాదారులది, సరుకు ఎక్కడుందో తెలిసే సౌకర్యం ఎక్కువగా వాల్‌మార్ట్‌ది. చాలామంది సరఫరాదారులు ఆజ్ఞ మేరకు పెట్టె బయటకు వెళ్లే ముందు ఒక ట్యాగు అంటించి చేతులు దులుపుకున్నారు. తమ సొంత పనిలో దాన్ని వాడుకోలేదు. ఆర్కన్సా విశ్వవిద్యాలయం 2005లో చేసిన అధ్యయనంలో ట్యాగులున్న షాపుల్లో ఖాళీ అరల సమస్య 16 శాతం తగ్గిందని తేలినా, ఆ ప్రయోజనం సరఫరాదారుల జేబులో కనిపించలేదు. కొన్నేళ్లలో ఆ ఆజ్ఞ పట్టు సడలిపోయింది.

వాల్‌మార్ట్ ఆ ఆజ్ఞ ఇచ్చిన ఏడాదే ఇంకో వైపు నుంచి ఎదురుదెబ్బ తగిలింది. బెనెటన్ తన దుస్తుల్లో ట్యాగులు కుట్టబోతోందని 2003 మార్చిలో చిప్పుల కంపెనీ ఫిలిప్స్ ప్రకటించగానే అమెరికాలో వినియోగదారుల హక్కుల ఉద్యమకారులు బహిష్కరణకు పిలుపునిచ్చారు. ఒంటిమీది బట్టను, ఎక్కడికి వెళ్లినా, తెలియకుండా చదవగలిగితే ఎలా అన్నది వాళ్ల ప్రశ్న. కంపెనీ వెనక్కి తగ్గింది. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జ్‌లో ఒక టెస్కో షాపు, షేవింగ్ బ్లేడ్ల ప్యాకెట్ అరలోంచి తీసినప్పుడు కెమెరా ఫొటో తీసేలా ప్రయోగం పెట్టి విమర్శల పాలైంది. జర్మనీలోని రైన్‌బెర్గ్‌లో మెట్రో గ్రూపు తెరిచిన భవిష్యత్ దుకాణంలో, ఖాతాదారుల కార్డులోనే చిప్పు పెట్టారన్న సంగతి బయటపడి 2004లో నిరసనలు జరిగాయి. ఆ నిరసనకారుల భయం న్యాయమైనదే. కొన్న మనిషికి చెప్పకుండా, కొన్న వస్తువును దుకాణం బయట కూడా పలికేలా ఉంచడం ఏ వ్యాపారికీ తగని పని. కొన్నాక ట్యాగును శాశ్వతంగా నోరు మూయించే ఆజ్ఞ ప్రమాణంలో భాగమవడానికి, కుట్టేసే ట్యాగుల బదులు చింపి పారేసే అట్ట ట్యాగులు స్థిరపడడానికి ఆ గొడవే తోడ్పడింది.

ఆర్‌ఎఫ్‌ఐడీ చివరికి నిలదొక్కుకున్నది బట్టల వ్యాపారంలో. బట్టలో నీరు లేదు, లోహం లేదు. ధర ట్యాగు ఖర్చును మోయగలదు. అన్నిటికన్నా ముఖ్యంగా, బట్టల షాపుకు సైజులు, రంగుల లెక్క తీరని తలనొప్పి. ఒకే చొక్కా అయిదు సైజుల్లో, ఆరు రంగుల్లో వస్తే ముప్పై రకాలు. అందులో ఏ ఒక్కటి అరలో లేకపోయినా అమ్మకం పోయినట్టే. పాత పద్ధతిలో స్టాకు లెక్క అంటే షట్టరు దించాక సిబ్బంది రాత్రంతా కూర్చుని ఒక్కో బట్ట తీసి స్కాన్ చెయ్యడం. అందువల్ల ఏడాదికి ఒకటి రెండు సార్లే చేసేవాళ్లు. చేతిలో పట్టుకునే రీడరును హ్యాంగర్ల పక్కగా ఊపుకుంటూ నడిస్తే ఇప్పుడు ఆ పని గంటల్లో ముగుస్తుంది. వాల్‌మార్ట్ 2010లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు జీన్స్, లోదుస్తులతో మొదలుపెట్టడం ఈ పాఠం వల్లే. జారా మాతృసంస్థ ఇండిటెక్స్ 2014లో జారా షాపులన్నిటికీ దీన్ని విస్తరిస్తున్నట్టు చెప్పింది. యునిక్లో, డెకథ్లాన్ షాపుల్లో బిల్లింగు కూడా దీనితోనే. కొన్న వస్తువులన్నీ ఒక తొట్టిలో పడేస్తే తెర మీద మొత్తం జాబితా వస్తుంది. హైదరాబాద్ డెకథ్లాన్ షాపుల్లోనూ ఈ తొట్టెలు కనిపిస్తాయి. దేశంలో పెద్ద నగల దుకాణాలు గొలుసుకూ గాజుకూ దారంతో కట్టే చిన్న ట్యాగులను ఇదే పనికి వాడుతున్నాయి. సాయంత్రం షాపు మూసేముందు ట్రేలన్నీ లెక్క చూసుకోవడం వాళ్లకు ప్రాణావసరం.

అర మీది ధర చీటీలదీ ఇలాంటి కథే. స్వీడన్‌లో 1991లో మొదలైన ప్రైసర్ వంటి కంపెనీలు ఇన్‌ఫ్రారెడ్ కాంతితో మారే ధర పలకలను అమ్మాయి, తర్వాత వచ్చిన కంపెనీలు రేడియోను వాడాయి. కాగితం చీటీలు మార్చే కూలి ఎక్కువున్న ఐరోపాలో అవి ముందు పాకాయి. వాల్‌మార్ట్ 2026 నాటికి 2,300 షాపుల్లో పెడతామని 2024లో ప్రకటించింది.

చెల్లింపుల వైపు కథ రవాణా నుంచి వచ్చింది. 1997లో అమెరికాలోని మొబిల్ పెట్రోలు బంకులు స్పీడ్‌పాస్ పేరుతో తాళంచెవి గుత్తికి తగిలించుకునే చిన్న ట్యాగును తెచ్చాయి. పంపు దగ్గర దాన్ని ఊపితే కార్డు నుంచి డబ్బు వెళ్లేది. అది బంకు దాటి పెద్దగా పోలేదు. అదే ఏడాది సెప్టెంబరు 1న హాంకాంగ్‌లో మొదలైన ఆక్టోపస్ కార్డు మాత్రం నగరం అలవాట్లనే మార్చింది. లోపల చిప్పు సోనీది, పేరు ఫెలికా. సోనీ 1988 నుంచీ దాని మీద పనిచేస్తోంది. మెట్రో, రైలు, బస్సు, పడవ కంపెనీలు కలిసి ఒకే కార్డు తేవడం అసలు బలం. పాత అయస్కాంతపు టికెట్లున్న ప్రయాణికులంతా మూడు నెలల్లో కొత్త కార్డుకు మారాలన్నారు. ఆ మూడు నెలల్లోనే ముప్పై లక్షల కార్డులు జనం చేతుల్లోకి వెళ్లాయి. కాలమూ కలిసొచ్చింది. ఆ జూలైలో బ్రిటన్ హాంకాంగ్‌ను చైనాకు అప్పగించింది. రాణి బొమ్మ ఉన్న నాణేల విలువ పెరుగుతుందని జనం దాచుకోవడంతో చిల్లరకు కరువొచ్చింది. చిల్లర దొరకని ఊళ్లో చిల్లర అక్కర్లేని కార్డు వచ్చింది.

దుకాణాలు ఆ తర్వాత వచ్చాయి. 2000లో ద్రవ్య నియంత్రణ సంస్థ కార్డు కంపెనీకి డిపాజిట్లు తీసుకునే సంస్థగా అనుమతినిచ్చాక, ప్రయాణేతర వాడకం మీది హద్దులు తొలగాయి. సెవెన్-ఇలెవెన్ షాపులు, సూపర్ మార్కెట్లు, బేకరీలు, పార్కింగ్ మీటర్లు, పానీయాలమ్మే యంత్రాలు కార్డు తీసుకోవడం మొదలుపెట్టాయి. జనం కార్డు బయటకు తియ్యను కూడా తియ్యరు. హ్యాండ్‌బ్యాగును రీడరు మీద ఆనించి, చప్పుడు వినగానే సాగిపోతారు. ఇందులో దుకాణదారుడు ఎవరికీ ఏమీ నేర్పాల్సిన పని పడలేదు. రోజూ రెండుసార్లు రైల్వే గేటు దగ్గర సాధన చేసిన చేతులే కౌంటరు దగ్గరికీ వచ్చాయి.

జపాన్ ఇదే దారిలో ఇంకో అడుగు వేసింది. తూర్పు జపాన్ రైల్వే 2001 నవంబరు 18న సుయికా కార్డు తెచ్చింది. టోక్యో స్టేషన్ల రద్దీలో గేటు దగ్గర ఒక్కొక్కరికి దొరికే సమయం సెకనులో చిన్న భాగం, ఫెలికా లావాదేవీని సెకనులో పదోవంతులో ముగించగలదు. 2004 మార్చి నుంచి ఆ కార్డుతో దుకాణాల్లో కొనుక్కోవచ్చు. అదే జూలైలో ఎన్‌టీటీ డొకోమో ఈ చిప్పును మొబైల్ ఫోనులో పెట్టి అమ్మింది. పశ్చిమ దేశాల్లో ఫోనుతో చెల్లింపులు సాధారణం కావడానికి అప్పటికి ఇంకా పదేళ్లు ఉంది.

ఐరోపాలో సమాంతరంగా ఇంకో వంశం పెరిగింది. ఆస్ట్రియాలోని మిక్రాన్ కంపెనీ 1994లో మైఫేర్ చిప్పును తెచ్చింది. మరుసటి ఏడాది ఫిలిప్స్ ఆ కంపెనీని కొన్నది. సియోల్ బస్సులు 1996లోనే ఈ కార్డులు వాడాయి. సోనీ, ఫిలిప్స్ రెండూ 13.56 మెగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తున్నా ఒకదాని భాష ఇంకొకదానికి తెలియదు. పోటీ పడి ప్రపంచాన్ని పంచుకునే బదులు 2002 సెప్టెంబరులో రెండూ ఒప్పందానికి వచ్చి, ఉమ్మడిగా రూపొందించిన పద్ధతికి నియర్ ఫీల్డ్ కమ్యూనికేషన్, పొట్టిగా ఎన్‌ఎఫ్‌సీ, అని పేరు పెట్టాయి. 2003 చివర్లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది, 2004లో నోకియాతో కలిసి ఎన్‌ఎఫ్‌సీ ఫోరం ఏర్పడింది. ఆ పనికి ఫ్రాంజ్ ఆమ్‌ట్మన్, ఫిలిప్ మొగార్స్‌లకు 2015లో ఐరోపా ఆవిష్కర్త పురస్కారం దక్కింది.

13.56 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 22 మీటర్లు. ఎన్‌ఎఫ్‌సీ వాడేది దూరం పోయే ఆ తరంగాన్ని కాదు, రీడరులోని తీగచుట్ట చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రాన్ని. చుట్ట నుంచి కొంచెం ఎడమయ్యాక, దూరం రెట్టింపైతే ఆ క్షేత్రం బలం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే నాలుగు సెంటీమీటర్ల దగ్గర చక్కగా పనిచేసేది పదిహేను సెంటీమీటర్ల దగ్గర మూగబోతుంది. కార్డు అంచు చుట్టూ ప్లాస్టిక్ పొరల మధ్య దాగిన రాగి తీగ ఆ క్షేత్రంలోకి రాగానే అందులో విద్యుత్తు పుడుతుంది, చిప్పు మేల్కొంటుంది. చిప్పు తన తీగ మీది భారాన్ని వేగంగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, ఆ మార్పు రీడరు చుట్టలో చిన్న అలజడిగా కనబడుతుంది. కార్డు జవాబు అదే. బ్యాంకు కార్డు ప్రతి లావాదేవీకీ కొత్త సంకేతాన్ని లెక్కకట్టి ఇస్తుంది కాబట్టి, పక్కన నిలబడి ఎవరైనా దాన్ని పట్టుకున్నా రెండోసారి పనికిరాదు.

సాంకేతికత 2004 నాటికే సిద్ధంగా ఉన్నా, ఫోనుతో చెల్లింపు పదేళ్లు ఆలస్యమైంది. రహస్య సంకేతాలుండే భద్రమైన చిప్పు ఎవరి అధీనంలో ఉండాలన్నది తగాదా. సిమ్ కార్డులో ఉండాలని టెలిఫోన్ కంపెనీలు, ఫోనులో ఉండాలని తయారీదారులు పట్టుబట్టారు. గూగుల్ 2011లో వాలెట్ తెచ్చినప్పుడు అమెరికాలోని పెద్ద టెలికాం కంపెనీలు తమ ఉమ్మడి సేవ కోసం దాన్ని దరిచేరనివ్వలేదు. 2013లో ఆండ్రాయిడ్ 4.4 వచ్చాక, భద్రమైన చిప్పు లేకుండానే సాఫ్ట్‌వేరుతో కార్డులా నటించడం వీలైంది. 2014 అక్టోబరు 20న ఆపిల్ పే మొదలైంది. వారం తిరక్కుండానే, తమ సొంత క్యూఆర్ పద్ధతి తేవాలనుకుంటున్న కూటమిలోని రెండు పెద్ద మందుల షాపుల గొలుసులు కౌంటర్లలో ఎన్‌ఎఫ్‌సీని ఆపేశాయి. ఆ కూటమి సేవ 2016లో మూతపడింది. 2015 అక్టోబరు నుంచి చిప్పు కార్డు తీసుకోని షాపు మోసాల నష్టాన్ని తానే భరించాలన్న నియమం రావడంతో అమెరికా షాపులు చాలావరకు మిషన్లు మార్చుకున్నాయి. కొత్త మిషన్లలో ఎన్‌ఎఫ్‌సీ ఎలాగూ ఉంది.

ఈ మధ్యలోనే బ్లూటూత్ బీకన్ల హడావిడి నడిచింది. 2013 జూన్‌లో ఆపిల్ ఐబీకన్‌ను ప్రకటించి, డిసెంబరులో తన అమెరికా షాపులన్నిటిలో పెట్టింది. మేసీస్ వంటి పెద్ద స్టోర్లు ప్రయోగాలు చేశాయి. గోడకు అంటించిన చిన్న పెట్టె సెకనుకు కొన్నిసార్లు తన నంబరును ప్రకటిస్తుంటుంది. దగ్గరికి వచ్చిన ఫోనులోని యాప్ దాన్ని విని, ఫలానా బూట్ల మీద తగ్గింపు ఉందని కబురు చూపిస్తుంది. గూగుల్ 2015లో ఎడ్డీస్టోన్ పేరుతో తన పద్ధతి తెచ్చింది. 2018 డిసెంబరులో, పనికిరాని ప్రకటనలు ఎక్కువయ్యాయన్న కారణంతో, దాని ఆధారంగా ఫోనుకు వచ్చే కబుర్లను ఆపేసింది. బీకన్ పనిచెయ్యాలంటే కొనేవాళ్లు బ్లూటూత్ ఆన్ చెయ్యాలి, ఆ షాపు యాప్ పెట్టుకోవాలి, తామెక్కడున్నారో చూసేందుకు అనుమతివ్వాలి. ఇన్ని చేసినందుకు వాళ్లకు దక్కేది ప్రకటన. జనం ఆ బేరాన్ని ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడం సబబే.

భారత్‌లో ట్యాప్ చెల్లింపు ప్రయోగం 2009లోనే బెంగళూరులో నోకియా ఫోన్లతో జరిగింది. అప్పటికి ఆ ఫోన్లు, ఆ మిషన్లు రెండూ అరుదు. అసలు అడ్డంకి నిబంధన: కార్డు చెల్లింపుకు పిన్ వంటి రెండో ధ్రువీకరణ తప్పనిసరి. 2015 మేలో రిజర్వు బ్యాంకు 2,000 రూపాయల దాకా పిన్ లేకుండా తాకించి చెల్లించే వీలిచ్చింది. 2021 జనవరి 1 నుంచి ఆ హద్దు 5,000 అయింది. అడక్కుండా కార్డులో ఈ సౌకర్యం తెరిచి ఉంచకూడదని, ఖాతాదారు కోరితేనే ఇవ్వాలని 2020లో ఆదేశించింది. జేబులోని కార్డు నుంచి ఎవరో రద్దీలో డబ్బు లాగేస్తారన్న భయం జనంలో గట్టిగా ఉంది కాబట్టి ఆ జాగ్రత్త అవసరమే.

కానీ ఈలోగా కిరాణా కొట్టు వేరే దారి పట్టింది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది, నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. 1994లో జపాన్‌లో కారు విడిభాగాల లెక్క కోసం మసాహిరో హారా రూపొందించిన క్యూఆర్ కోడు, తెలుగు ఊళ్లలో టీ బండి గాజు మీదికీ కూరగాయల తక్కెడ పక్కకీ చేరింది. స్వైపింగ్ మిషన్‌కు అద్దె కట్టాలి, ప్రతి బిల్లుకూ కమీషన్ ఇచ్చుకోవాలి. క్యూఆర్‌కు కావలసింది ఒక కాగితం. 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారి రుసుము సున్నా అయింది. చవక ఫోన్లలో ఎన్‌ఎఫ్‌సీ ఉండదు, కెమెరా లేని స్మార్ట్‌ఫోను లేదు. రేడియో ఈ పోటీలో ఓడిపోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. 2017 సెప్టెంబరులో గూగుల్ తేజ్ యాప్‌ను తెచ్చినప్పుడు చెవికి వినపడని శబ్దంతో పక్క ఫోనును గుర్తించే పద్ధతి కూడా అందులో ఉంది. దాన్నీ క్యూఆరే పక్కకు నెట్టింది.

హాంకాంగ్‌లో జరిగింది హైదరాబాద్‌లో జరగకపోవడం ఇక్కడ గమనించాలి. 2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రో తాకించే స్మార్ట్ కార్డులు, టోకెన్లతోనే వచ్చింది. కానీ ఆర్టీసీ బస్సులో టికెట్ కండక్టరు మిషన్‌దే, ఎంఎంటీఎస్ రైలుది వేరే టికెట్. మూడూ ఒక కార్డు మీదికి రానప్పుడు ఆ కార్డును దుకాణం కౌంటరు దాకా మోసుకెళ్లే బలం దానికి రాదు. మెట్రో, బస్సు, దుకాణం అన్నిటికీ ఒకే రూపే కార్డు ఉండాలన్న జాతీయ పథకం 2019 మార్చిలో మొదలయ్యేసరికి జనం వేళ్లు క్యూఆర్‌కు అలవాటు పడిపోయాయి.

తెలుగు రాష్ట్రాల్లో రేడియోతో చెల్లించే అలవాటు బాగా నాటుకున్నది రోడ్డు మీద. కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్, వాల్‌మార్ట్ ప్యాలెట్లకు ఉద్దేశించిన ట్యాగుల జాతిదే. 2021 ఫిబ్రవరి మధ్య నుంచి జాతీయ రహదారుల టోల్ ప్లాజాల్లో అది తప్పనిసరి అయింది. శంషాబాద్ విమానాశ్రయం పార్కింగులో దాంతో రుసుము తీసుకోవడం 2019 నవంబరులోనే మొదలైంది.

యూపీఐ కూడా ఇప్పుడు ఎన్‌ఎఫ్‌సీని కలుపుకుంటోంది. 2023 సెప్టెంబరులో ముంబైలో యూపీఐ లైట్ ఎక్స్‌ను ఆవిష్కరించారు. రెండు ఫోన్లను దగ్గర పెడితే ఇంటర్నెట్ లేకపోయినా చిన్న మొత్తాలు బదిలీ అవుతాయి. దాంతోపాటు వచ్చిన ట్యాప్ అండ్ పే పద్ధతిలో, కౌంటరు మీది క్యూఆర్ పలకలోనే ఎన్‌ఎఫ్‌సీ చిప్పు ఉంటుంది. స్కాన్ చెయ్యకుండా ఫోను తాకిస్తే అదే ఖాతాకు డబ్బు వెళుతుంది. డబ్బు అందిందని తెలుగులో చెప్పే సౌండ్‌బాక్సుల్లో కొన్ని అప్పట్నుంచి కార్డు తాకింపునూ తీసుకుంటున్నాయి. ఎన్‌ఎఫ్‌సీ లేని ఫోను తెచ్చినవాళ్లకు ఆ పలక మీది గీతల చదరం ఎప్పటిలాగే పనిచేస్తుంది.